వీలునామా ముందుగా రాయాల్సింది ఎవరు?

వీలునామా అనగానే చాలామందికి గుర్తొచ్చేది డెబ్బై దాటిన పెద్దాయన, పదెకరాల మాగాణి, ఒకరంటే ఒకరికి పడని కొడుకులు. నిజానికి ఆ పెద్దాయన రాయకపోయినా దారి మూసుకుపోదు. పిల్లలు పెద్దవాళ్లయి ఉంటారు, ఎవరికెంతో చట్టం చెబుతుంది, ఇష్టం ఉన్నా లేకపోయినా పంచుకుంటారు. రాయకపోవడం వల్ల గట్టి దెబ్బ తినేది వేరేవాళ్లు. సొంత జీతంతో ఫ్లాట్ కొనుక్కున్న, పిల్లల్లేని స్త్రీ. హోమ్ లోనూ ఇద్దరు చిన్నపిల్లలూ ఉన్న నలభై ఏళ్ల తండ్రి. ఆటిజం ఉన్న బిడ్డను పెంచుతున్న తల్లిదండ్రులు. వీళ్లకి వీలునామా ఆలోచనే రాదు. ఇంకా వయసు కాలేదనుకుంటారు, లేదా ఇంట్లో ఆ మాట ఎత్తితే అశుభం అంటారని ఊరుకుంటారు.

ఇక్కడ రాస్తున్నది ప్రధానంగా హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాల గురించి. ముస్లింలు సాధారణంగా అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోను మిగిలిన ఆస్తిలో మూడో వంతు వరకే వీలునామా రాయగలరు. అంతకు మించితే వారసులు ఒప్పుకోవాలి. క్రైస్తవులకి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. పెళ్లికి ముందు వాళ్లు రాసుకున్న వీలునామా పెళ్లితో రద్దయిపోతుందన్న సంగతి వాళ్లలోనే చాలామందికి తెలియదు.

రాయకపోతే ఎవరికి ఎంత

హిందూ పురుషుడు వీలునామా లేకుండా చనిపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మొదటి తరగతి వారసులు. అందరికీ సమాన వాటా. కొడుకు ముందే పోయి ఉంటే అతని వాటా అతని భార్యాపిల్లలకి, కూతురు పోయి ఉంటే ఆమె వాటా ఆమె పిల్లలకి వస్తుంది. తండ్రి మాత్రం ఈ మొదటి వరసలో లేడు. తల్లికి వాటా ఉంటుంది, తండ్రికి ఉండదు అంటే నమ్మనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇదంతా తేలిగ్గానే కనిపిస్తుంది, ఆస్తి ఎలా వచ్చిందన్న ప్రశ్న వచ్చేదాకా. ఒక రైతు అనుకుందాం. ఆరెకరాల పొలం. తల్లి ఉంది, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు. పొలం ఆయన స్వార్జితమైతే లెక్క సులువు, నలుగురికీ తలా ఎకరంన్నర. అదే ఆరెకరాలు ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే లెక్క మారిపోతుంది. ఆయన చనిపోయే ముందు క్షణంలో పంపకం జరిగినట్టు చట్టం ఊహిస్తుంది. ఆ పంపకంలో తండ్రికి, కొడుక్కి, కూతురికి తలా రెండెకరాలు. మన తెలుగు ప్రాంతాల్లో అమలయ్యే పద్ధతిలో భార్యకి ఆ పంపకంలో వాటా లేదు. ఆ తర్వాత తండ్రి రెండెకరాలు మాత్రమే నలుగురికీ వారసత్వంగా వెళ్తాయి, తలా అరెకరం. చివరికి కొడుక్కి రెండున్నర, కూతురికి రెండున్నర, భార్యకి అరెకరం, తల్లికి అరెకరం. ముప్పై ఏళ్లు ఆ పొలంలో నాట్లు వేసి, కలుపు తీసిన మనిషికి చివరికి యాభై సెంట్లు మిగులుతాయి. తన వాటా రెండెకరాలు భార్యకి రాసే హక్కు ఆయనకి ఉంది, 30వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. ఒక్క కాగితం రాసి ఉంటే ఆమెకి అరెకరం బదులు రెండెకరాలు వచ్చేవి.

కూతురి వాటా గురించి మనవైపు ఇంకా వినిపించే మాట, ‘పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా’ అని. చట్టంలో ఆ మాటకి విలువ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ ఆ హక్కును ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవ చాలా ఏళ్లు నడిచింది. అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చేదే అని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టర్ అయిన పంపకాలు, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలను మాత్రం ఇప్పుడు కదపలేరు.

తాత నుంచి వచ్చినదంతా ఉమ్మడి ఆస్తే అనుకోవడం కూడా పొరపాటు. 1956 తర్వాత తండ్రి చనిపోయి, హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం కొడుక్కి వచ్చిన వాటా ఆ కొడుకు సొంత ఆస్తి అవుతుందని 1986లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తాతాస్తిలో మనవడినని పుట్టుకతో వాటా అడిగే ముందు ఆ ఆస్తి తండ్రి చేతికి ఏ దారిలో వచ్చిందో పాత కాగితాల్లో చూసుకోవాలి.

ఆడవాళ్ల ఆస్తి ఎటు వెళ్తుంది

ఈ మొత్తం చట్టంలో నాకు బాధ కలిగించేది 15వ సెక్షన్. స్త్రీ వీలునామా లేకుండా చనిపోతే ఆస్తి ముందు పిల్లలకి, భర్తకి. వాళ్లు లేకపోతే భర్త వారసులకి. ఆ తర్వాతే ఆమె అమ్మానాన్నలకి. సంపాదించింది ఆమే అయినా వరస ఇంతే.

2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు చూడండి. ఆమెకి చిన్న వయసులోనే పెళ్లయింది. మూడు నెలలు తిరక్కుండానే భర్త పోయాడు, అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లే చదివించారు, ఉద్యోగం చేసి సంపాదించింది. 1996లో వీలునామా లేకుండా చనిపోయింది. బ్యాంకు డబ్బు, ప్రావిడెంట్ ఫండ్ కోసం తల్లి వారసత్వ సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేసింది. నలభై ఏళ్లుగా ఆమె మొహం చూడని భర్త తరఫు బంధువులు కూడా వచ్చారు. ఆస్తి వాళ్లకే దక్కింది. సానుభూతి వేరు, చట్టం వేరు అని కోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇలాంటి పరిస్థితి ఈ రోజు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రాదనుకోవడానికి లేదు. మియాపూర్‌లో సొంత ఈఎంఐతో ఫ్లాట్ కొన్న, పిల్లల్లేని ఉద్యోగిని చనిపోతే, భర్త ఉంటే మొత్తం భర్తకి. భర్త కూడా లేకపోతే అత్తగారికి, ఆపైన భర్త తరఫు ఇతర వారసులకి. ఆమె జీతం మీద ఆధారపడిన అమ్మానాన్నలకి ఏమీ రాదు. భర్తతో పదేళ్లుగా విడిగా ఉంటున్నా, విడాకుల డిక్రీ రానంత వరకు చట్టం దృష్టిలో అతను వారసుడే. ఈ ఒక్క సంగతి కోసమైనా విడిగా ఉంటున్న ప్రతి స్త్రీ వీలునామా రాసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

15వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి, ఆమెకి పిల్లలు లేకపోతే, తండ్రి వారసులకి తిరిగి వెళ్తుంది. ఇక్కడ గమనించాల్సింది, ఆ మినహాయింపు వారసత్వంగా వచ్చినదానికే. తండ్రి ప్రేమతో గిఫ్ట్ డీడ్ రాసి ఇచ్చిన ఎకరానికి అది వర్తించదు. పుట్టింటి పొలం పుట్టింటికే తిరిగి వస్తుందని ధీమాగా ఉన్న కుటుంబాలు రిజిస్టర్ చేసిన ఆ గిఫ్ట్ డీడ్ ఒకసారి బయటికి తీసి చూసుకోవడం మంచిది.

2025 నవంబర్‌లో సుప్రీంకోర్టే స్త్రీలందరినీ, ముఖ్యంగా హిందూ స్త్రీలను, వెంటనే వీలునామా రాసుకోమని కోరింది. చట్టం మారేదాకా వాళ్ల చేతిలో ఉన్న మార్గం అదే.

కాగితం ఎలా నిలబడుతుంది

వీలునామాకి స్టాంపు పేపర్ అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. ఏ భాషలోనైనా రాయొచ్చు, చేత్తో రాసినా టైపు చేసినా సరే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తప్పనిసరిగా ఉండాల్సింది ఇద్దరు సాక్షులు. రాసిన మనిషి సంతకం లేదా వేలిముద్ర పెట్టడం వాళ్లిద్దరూ చూడాలి, లేదా అది తన సంతకమేనని ఆయన వాళ్లతో చెప్పాలి. తర్వాత ఆయన ఎదుట వాళ్లు సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండాలన్న నియమం లేదు గానీ ఉంటే మంచిది.

రిజిస్టర్ చేశాం కాబట్టి ఇక ఎవరూ ఏమీ చేయలేరన్న నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. రిజిస్ట్రేషన్ వల్ల కాగితం మాయమవదు, తేదీ మీద తగాదా ఉండదు. కానీ కోర్టులో గొడవ వస్తే రిజిస్టర్ అయిన వీలునామాను కూడా కనీసం ఒక సాక్షిని బోనెక్కించి రుజువు చేయాల్సిందే. అందుకే తన వయసువాళ్లను, తనకన్నా పెద్దవాళ్లను సాక్షులుగా పెట్టుకోవడం తెలివైన పని కాదు. చిన్నవాళ్లు, ఊళ్లో దొరికేవాళ్లు, ఆస్తిలో ఏ లాభమూ లేనివాళ్లు ఉండాలి. రాసిన మనిషి ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉంటే సాక్షుల్లో ఒకరు ఆయన్ని చూసే డాక్టరైతే ఇంకా మేలు.

కోర్టులు అనుమానంగా చూసే సందర్భాలు కూడా ఇన్నేళ్ల తీర్పుల్లో స్థిరపడ్డాయి. ఎక్కువ లాభం పొందే కొడుకే దగ్గరుండి రాయించడం, ఆస్పత్రి మంచం మీద పెట్టిన సంతకం, భార్యనో కూతురినో కారణం చెప్పకుండా వదిలేయడం. ఎవరికైనా తక్కువ ఇస్తున్నా, అసలు ఇవ్వకపోయినా, ఎందుకో రెండు వాక్యాలు రాయాలి. ‘పెద్దమ్మాయికి 2016లో ఇంటి స్థలం రిజిస్టర్ చేసి ఇచ్చాను కాబట్టి ఈ పొలంలో వాటా ఇవ్వడం లేదు’ అని రాస్తే ఆ వాక్యమే రేపు కోర్టులో మాట్లాడుతుంది. పొలానికి సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. ఇంటికి డోర్ నంబరు, డాక్యుమెంట్ నంబరు రాయాలి. ‘మిగతా స్థిర చరాస్తులన్నీ’ ఎవరికో కూడా ఒక వాక్యం ఉండాలి, లేకపోతే మర్చిపోయిన ఫిక్స్‌డ్ డిపాజిట్ మళ్లీ చట్టం లెక్కలోకి వెళ్తుంది. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. ముందుది రిజిస్టర్ అయి, చివరిది రిజిస్టర్ కాకపోయినా చివరిదే.

ప్రొబేట్ అంటే ఈ వీలునామా అసలైనదే అని కోర్టు ముద్ర వేసి, అందులో పేరున్న ఎగ్జిక్యూటర్‌కి దాన్ని అమలు చేసే అధికారం ఇవ్వడం. ఎగ్జిక్యూటర్‌ను పెట్టకపోతే దాని బదులు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ ఇస్తారు. ఆస్తి మీద వీలునామా రాసిన మనిషికి హక్కు ఉందా లేదా అన్నది ప్రొబేట్ కోర్టు తేల్చదు. అది వేరే దావా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఆస్తులకి హిందువులు రాసే వీలునామాకి ప్రొబేట్ తప్పనిసరి కాదు. చెన్నై, ముంబై నగరాల్లో, పాత బెంగాల్ ప్రాంతంలో మాత్రం ఏళ్ల తరబడి తప్పనిసరిగా ఉండేది. చెన్నైలో ఇల్లున్న నెల్లూరు, చిత్తూరు కుటుంబాలకి ఈ బాధ బాగా తెలుసు. అందుకు మూలమైన 213వ సెక్షన్‌ను 2025 డిసెంబర్‌లో పార్లమెంటు తొలగించింది. తప్పనిసరి కాకపోయినా, వారసుల్లో ఒకరు అడ్డం తిరిగే అవకాశం ఉంటే ప్రొబేట్ తెచ్చుకోవడం దండగ కాదు.

వారసుడెవరో తేల్చలేని కాగితాలు

బ్యాంకులో, ఇన్సూరెన్స్‌లో నామినీ పేరు ఉంటే డబ్బు ఆ మనిషిదే అనుకుంటాం. సాధారణంగా నామినీ డబ్బు అందుకుని వారసులకి అప్పగించాల్సిన మనిషి మాత్రమే. ఇన్సూరెన్స్ గురించి 1984లో, షేర్ల గురించి 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఇన్సూరెన్స్‌లో 2015 సవరణ తర్వాత ఒక తేడా వచ్చింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే వాళ్లకే సొంతం. 2025 నవంబర్ నుంచి బ్యాంకు డిపాజిట్‌కి నలుగురిని నామినీలుగా పెట్టుకోవచ్చు. నామినేషన్ ఉంటే డబ్బు త్వరగా చేతికొస్తుంది, అది పెద్ద మేలే. వాటాల తగాదా మాత్రం దానితో తీరదు.

తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో చెబుతుంది, ఆస్తి ఎవరిదో చెప్పదు. డిపాజిట్లు, షేర్ల కోసం కోర్టు నుంచి వచ్చే వారసత్వ సర్టిఫికెట్ వేరు. పట్టాదారు పాస్‌బుక్‌లో పేరు మారినంత మాత్రాన మిగతా వారసుల వాటా పోదు. మనిషి చనిపోతే, తన తరఫున పనులు చేయమని ఇచ్చిన అధికార పత్రం, అంటే జీపీఏ, కూడా చచ్చిపోతుంది. నాన్న పోయాక ఆయనిచ్చిన జీపీఏతో ప్లాటు అమ్మితే అది చెల్లదు.

బతికుండగానే పిల్లలకి గిఫ్ట్ డీడ్ రాసేస్తే వీలునామా గొడవే ఉండదని కొందరు సలహా ఇస్తారు. వీలునామా మనిషి పోయాకే పని చేస్తుంది, అప్పటిదాకా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ సంతకం పెట్టి, రిజిస్టర్ చేసి, స్వాధీనం చేశాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. తప్పదనుకుంటే ‘నన్ను, నా భార్యను జీవితాంతం పోషించాలి’ అన్న షరతు డీడ్‌లోనే రాయించాలి. ఆ షరతు ఉంటే, పిల్లలు చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కి వెళ్లి రద్దు చేయించుకోవచ్చు.

చిన్నపిల్లలున్న ఇల్లు

నలభై ఏళ్ల తండ్రి దగ్గరికి వద్దాం. ఆయన పేరు మీద ఎనభై లక్షల ఫ్లాట్, లోన్ ఇంకా ఉంది. పదమూడేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి, భార్య, తల్లి. ఆయన హఠాత్తుగా పోయాడు, వీలునామా లేదు. ఫ్లాట్‌లో నలుగురికీ తలా పావు వాటా. ఈఎంఐ కట్టలేక భార్య ఆ ఫ్లాట్ అమ్మి చిన్న ఇంట్లోకి వెళ్దామనుకుంటుంది. పిల్లల వాటా సగం ఉంది కాబట్టి తనంతట తాను అమ్మడానికి వీల్లేదు. తండ్రి తర్వాత తల్లే సహజ సంరక్షకురాలు, అందుకు ఎక్కడా దరఖాస్తు పెట్టక్కర్లేదు. కానీ మైనర్ల స్థిరాస్తి అమ్మాలంటే 1956 నాటి మైనారిటీ, సంరక్షణ చట్టం 8వ సెక్షన్ ప్రకారం జిల్లా కోర్టు అనుమతి కావాలి. అమ్మడం పిల్లల మేలుకే అని కోర్టును ఒప్పించాలి. అనుమతి వచ్చినా పిల్లల వాటా డబ్బును వాళ్లకి 18 నిండేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయమనడం మామూలే. అనుమతి లేకుండా అమ్మితే, 18 దాటిన మూడేళ్లలోపు పిల్లలు ఆ అమ్మకాన్ని సవాలు చేయొచ్చు. అందుకే కొనేవాళ్ల లాయరు, లోన్ ఇచ్చే బ్యాంకు ముందుకు రారు. మిగిలింది అత్తగారి పావు వాటా. ఆమె తదనంతరం అది ఆమె మిగతా పిల్లలకి కూడా వెళ్తుంది.

ఫ్లాట్ మొత్తం భార్యకి చెందుతుందని ఆయన ఒక పేజీ రాసి ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించి ఉంటే, ఈ కోర్టు తిరుగుడు, ఈ టెన్షన్ ఏవీ ఉండేవి కావు. తల్లిని చూసుకోవాలనుకుంటే ఆమెకి ఒక డిపాజిట్ విడిగా రాయొచ్చు. అదే సమయంలో టర్మ్ పాలసీలో పిల్లలను నామినీలుగా పెడితే అపాయింటీ పేరు, అంటే వాళ్లు మైనర్లుగా ఉన్నంతకాలం వాళ్ల తరఫున డబ్బు అందుకునే మనిషి పేరు, రాయాలి. అప్పులున్న వ్యాపారి అయితే భార్యాపిల్లల పేరున 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకుంటే ఆ డబ్బు అప్పులవాళ్లకి అందదు.

తల్లీ తండ్రీ ఇద్దరూ పోతే పిల్లలెవరి దగ్గర? ఈ ప్రశ్న అడగడానికే మనసు రాదు, కానీ రోడ్డు ప్రమాదాలు అడిగి రావు. వీలునామాలో సంరక్షకుడి పేరు రాసే హక్కు తండ్రికీ తల్లికీ ఉంది. తండ్రి ఒకరి పేరు రాసినా తల్లి బతికి ఉంటే తల్లే సంరక్షకురాలు. తల్లి కూడా ఒకరి పేరు రాసి పోతే ఆ పేరుకే విలువ. ఎవరూ రాయకపోతే అమ్మమ్మో, బాబాయో 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టుకి వెళ్లాలి. దగ్గర బంధువన్న ఒక్క కారణంతో కోర్టు ఇవ్వదు, పిల్లల మేలు చూస్తుంది, కాస్త పెద్దవాళ్లయితే వాళ్ల ఇష్టం అడుగుతుంది. ఊరికే తెచ్చి పెంచుకుంటున్న బాబాయికి ఆ పిల్లల సెంటు భూమి అమ్మే హక్కు కూడా లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది ఇంకా దగ్గరి సంగతి. అక్కడ తల్లిదండ్రులిద్దరూ పోతే పిల్లల సంరక్షణ ఆ రాష్ట్ర కోర్టు చేతిలో ఉంటుంది. వీలునామాలో పేరు ఉంటే కోర్టు దానికి మంచి బరువు ఇస్తుంది. గుంటూరులో ఉన్న తాతయ్య అమ్మమ్మలు వీసా తీసుకుని చేరేలోపు పిల్లలెవరి దగ్గర ఉండాలో, అక్కడే ఉన్న ఒక స్నేహితుల కుటుంబాన్ని అడిగి, ఒప్పించి రాసిపెట్టాలి. ఇండియాలో ఉన్న స్థిరాస్తికి ఇండియా చట్టమే వర్తిస్తుంది కాబట్టి, ఇక్కడి ఆస్తులకి వేరే వీలునామా రాసుకోవడం సులువు. ఒకటి రెండోదాన్ని రద్దు చేయకుండా రెండింటిలోనూ ఆ మాట స్పష్టంగా ఉండాలి.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల విషయంలో తల్లిదండ్రులను 18వ పుట్టినరోజు ఆశ్చర్యపరుస్తుంది. ఆ రోజుతో వాళ్లు చట్టం దృష్టిలో సంరక్షకులు కాకుండా పోతారు. బ్యాంకు పని దగ్గర్నుంచి అన్నీ ఆగిపోతాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకుంటే సంరక్షకత్వ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ బిడ్డ పేరున నేరుగా ఇల్లు రాస్తే, తర్వాత దాన్ని నడిపేవాళ్లుండరు. అక్కనో తమ్ముణ్ణో, బయటి మనిషి ఒకరినో ట్రస్టీలుగా పెట్టి ప్రైవేట్ ట్రస్ట్ రాసి, ఆస్తిని దానికి వీలునామాలో ఇవ్వడం నయం. నెలకి ఎంత, వైద్యానికి ఎంత, ఏ మందులు, ఏ తిండి పడదు అన్నవి కూడా దానితో పాటు ఒక కాగితం మీద రాసిపెట్టొచ్చు. అది చట్టం అడిగే కాగితం కాదు గానీ, రేపు ఆ బిడ్డను చూసుకునే మనిషికి ముందు కావాల్సింది అదే.

రాశాక దాచే చోటు కూడా ముఖ్యం. బీరువాలో పెడితే ముందు దొరికినవాళ్ల దయ. సొంత పేరున్న లాకర్‌లో పెడితే, ఆ లాకర్ తెరవడానికే వారసులు కాగితాల కోసం తిరగాలి. ఇంట్లోవాళ్లకి తెలియకూడదనుకుంటే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సీలు వేసిన కవర్‌లో డిపాజిట్ చేసే వీలు రిజిస్ట్రేషన్ చట్టం 42వ సెక్షన్‌లో ఉంది. రాసిన మనిషి పోయాక ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే రిజిస్ట్రార్ వాళ్ల ఎదుటే కవర్ తెరిచి, పుస్తకంలో ఎక్కించి, నకలు ఇస్తారు. కవర్ అక్కడ ఉందన్న సంగతి మాత్రం ఎగ్జిక్యూటర్‌కి ముందే చెప్పి ఉంచాలి.